పందిట్లో తానీషా

దివిసీమలో వేసవి ఎండలతో మొదలుకాదు, కాలువ కట్టెయ్యటంతో మొదలవుతుంది. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చే నీళ్ళు ఆగిపోయి, కాలువ అడుగున బురద పెచ్చులు లేచి, పిల్లలు అందులో దిగి చేపలు తడిమే రోజుల్నించి మాకు వేసవి. అప్పటికి వరి నూర్పిళ్ళయిపోయి, దాని వెనక చల్లిన మినుమూ ఇంటికొచ్చేసి ఉంటుంది. చేతిలో నాలుగు డబ్బులుంటాయి, చేతికి పని ఉండదు. అవనిగడ్డలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ తాటాకు పందిళ్ళు లేచేది అప్పుడే. ముందు శ్రీరామనవమి పందిరి. దాని వెనక దేవుళ్ళ కల్యాణాలు, అమ్మవార్ల సంబరాలు, పెళ్ళిళ్ళు, నాటక పరిషత్తులు. ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి బుర్రకథ, ఇంకో రాత్రి తెల్లవార్లూ పద్యనాటకం. మా పెద్దవాళ్ళు కాలాన్ని 1977 ఉప్పెనతో కొలిచేవాళ్ళు. పందిరి సంగతులకీ అదే కొలత. ఉప్పెనకు ముందు విన్న సన్నాయి, ఉప్పెన తర్వాత చూసిన సత్యభామ, ఇలా.

మేం అంటే అవనిగడ్డకీ బందరుకీ మధ్య పెరిగిన సాయిబుల పిల్లలం. మా ఇళ్ళల్లో మాట్లాడేదాన్ని ఊళ్ళోవాళ్ళు 'తురకం' అనేవారు. హైదరాబాదు వాళ్ళు వింటే నవ్వుకునే ఉర్దూ అది. గుమ్మం దాటితే తెలుగు. అదీ కృష్ణాజిల్లా తెలుగు, మాట్లాడుతుంటే మమ్మల్నెవరూ పోల్చుకోలేనంత తెలుగు. పేరు చెప్పాక మాత్రం, "అరె, తెలుగు బాగా మాట్లాడతారే!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుకి ఏం జవాబు చెప్పాలో నలభై ఏళ్ళు దాటినా మాకు తెలియలేదు.

ఆ పందిళ్ళ కింద కులం లేదు, మతం లేదు అని రాస్తే చదివేవాళ్ళకి హాయిగా ఉంటుంది. మాతో అలాగే రాయించుకోవాలని చూస్తారు కూడా. అందులో సగం నిజమే. మమ్మల్ని పందిట్లోంచి లెమ్మన్న వాళ్ళు లేరు. చాప మీద చోటిచ్చారు. పానకం పోశారు, వడపప్పు దోసిట్లో పెట్టారు. చందాల పుస్తకంలో మా అబ్బా పేరు ఏటేటా ఉండేది. చాప దగ్గర మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది ఎప్పుడొచ్చినా స్టేజీ మీదే వచ్చింది.

శ్రీరామనవమికి రామదాసు నాటకం వెయ్యని ఊరు మా వైపు తక్కువ. కథ అందరికీ తెలిసిందే. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ నవాబు తానీషా ఆయన్ని పన్నెండేళ్ళు ఖైదులో పెట్టాడు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి ఆరు లక్షల వరహాలు కట్టి భక్తుణ్ణి విడిపించుకున్నారు. ఈ కథలో పద్యాలన్నీ రామదాసువి. తానీషాకు వచనమే. ఆ వచనం ఎలా ఉండేదంటే, "ఏమి రామ్‌దాస్, నిమ్మల్కి మా పైసల్ తిన్నావు హై?" అని ఉండేది. గోల్కొండ సుల్తాను మాట్లాడే మాట అది! గడ్డం జిగురుతో అంటించింది, ఉక్కకి ఒక పక్క ఊడి వేలాడేది. ఖైదు దగ్గర కాపలాకి గళ్ళ లుంగీల సాయిబులు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళ పనల్లా ఒకణ్ణొకడు గుద్దుకోవటం, 'యా అల్లా' అని కిందపడటం. పందిరి పందిరంతా పొట్ట పట్టుకుని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. పదేళ్ళ పిల్లలకి అది మన గురించేనని అప్పటికప్పుడు తోచదు. మర్నాడు బడికి వెళ్ళాక తోస్తుంది. ఆ వేసవి సెలవులిచ్చేదాకా మాలో ఎవరో ఒకరి పేరు తానీషా. (మాకు పెట్టిన పేర్లలో అదే కాస్త మర్యాదైనది.)

మా నానీ నాటకం పందిట్లోకి వచ్చి చూసేది కాదు. పక్కింటి దడి వెనక పీట వేసుకుని, నెత్తిన కొంగు కప్పుకుని తెల్లవార్లూ చూసేది. తానీషాని చూసి ఒకసారి, "యే గోల్కొండ నవాబా? మన సందులో ఐసుబండి తోసేవాడిలా ఉన్నాడే!" అంది. నవ్వుతూనే అంది. కానీ హరికథ రాత్రి ఆమె తీరు వేరుగా ఉండేది. ఇదే రామదాసు కథ చెబుతూ దాసుగారు ఒక చోట చిడతలు ఆపి, గొంతు తగ్గించి అడిగేవారు: పన్నెండేళ్ళు ఖైదులో ఏడ్చిన భక్తుడికి దొరకని రామదర్శనం ఎవరికి దొరికిందయ్యా? తానీషాకి! ఆయన ఎంత పుణ్యాత్ముడో! ఆ మాట కోసమే మా నానీ కాచుకుని ఉండేది. వినగానే మా చేతికి రూపాయి ఇచ్చి, వెళ్ళి చదివించి రమ్మనేది. దాసుగారు హార్మోనియం మీద రూపాయి పెట్టుకుని, "మసీదు వీధి నుంచి అమ్మగారు" అని చదివేవారు. పేరు చెప్పవద్దని ఆమె షరతు.

ఒకే పందిరి, ఒకే కథ. ఒక రాత్రి తానీషా పుణ్యాత్ముడు, మరో రాత్రి ఐసుబండివాడు. మేం బి.ఏ.లో చరిత్ర తీసుకున్నది ఈ చిక్కు విప్పుకోవటానికేనని చెబితే అతిశయం అవుతుంది. కానీ గ్రంథాలయంలో మేం మొదట వెతికిన పేరు మాత్రం అదే.

అబుల్ హసన్ కుతుబ్‌షా 1672లో గద్దెనెక్కాడు. గోల్కొండ సుల్తానుల్లో చివరివాడు. పాలన నడిపిన మంత్రులు అక్కన్న, మాదన్న, హనుమకొండ నుంచి వచ్చిన బ్రాహ్మణ సోదరులు. రామదాసుకి మేనమామలు. సూఫీ గురువు షా రాజూ శిష్యరికంలో పెరిగినవాడు గనక తానాషా అనే పేరు ఆయన పెట్టిందేనంటారు. 1678లో ఈ సుల్తాను తన రాజ్యానికి గుండెకాయలాంటి బందరు రేవు చూడటానికి వచ్చాడు. అప్పుడే దారిలో మన కూచిపూడి భాగవతుల ఆట చూశాడనీ, చూసి మెచ్చి ఆ ఊరిని ఆ బ్రాహ్మణ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడనీ కూచిపూడి వాళ్ళే తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. అవనిగడ్డలో బస్సెక్కితే కాసేపట్లో ఆ ఊళ్ళో దిగవచ్చు. ఆ పక్కనే మొవ్వ. క్షేత్రయ్య మువ్వగోపాలుడి ఊరు. ఆ క్షేత్రయ్య గోల్కొండ వెళ్ళి పాదుషా కొలువులో పదిహేను వందల పదాలు చెప్పాడని కూడా సంప్రదాయం చెబుతుంది.

ఇంకాస్త వెనక్కి వెళితే ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం, పొన్నగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర', అందుకున్నవాడు అమీన్‌ఖాన్. గోల్కొండ సర్కారు ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ రాసి పంపేవారు. అంటే సుల్తానులకి తెలుగు అక్కర ఉంది, తెలుగు మాట విలువ తెలుసు. ఆ వంశపు ఆఖరివాడు స్టేజీ ఎక్కేసరికి "నిమ్మల్కి హై" ఎందుకయ్యాడు? ఎవరో కుట్ర పన్నారని మేం అనటం లేదు. నాటకానికి హాస్యం కావాలి. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన సాయిబు దూదేకేవాడో, గాజులమ్మేవాడో, గుర్రబ్బండివాడో. వాడు మాట్లాడే నాలుగు ముక్కలు తెచ్చి నవాబు నోట్లో పెట్టారు. అలా పెట్టటంలో ఇద్దరికీ అన్యాయం జరిగింది. నవాబుకి జరిగినదాని గురించి మాకు అంత దిగులు లేదు. దూదేకేవాడికి జరిగిందే మమ్మల్ని ఇప్పటికీ సలుపుతుంది.

నాటకంలో చూపించనిది ఇంకొకటుంది. రామదాసుని ఖైదులో పెట్టిన ఈ మనిషి తనూ ఖైదులోనే పోయాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండ కోట పట్టుకుని ఆయన్ని దౌలతాబాదు తీసుకెళ్ళి బంధించాడు. పన్నెండేళ్ళ పైచిలుకు అక్కడే ఉండి అక్కడే కన్నుమూశాడు. ఖైదు చేసిందీ ముసల్మానే, అయిందీ ముసల్మానే. ఆ పన్నెండేళ్ళ మీద ఏ పందిట్లోనూ పద్యం వినపడదు. మేం ఉర్దూ పత్రికల్లో పనిచేసినప్పుడు నియంతృత్వానికి రోజూ రాసిన మాట 'తానాషాహీ'. ఆయన పేరు నుంచే వచ్చిందంటారు. తెలుగు స్టేజీ మీద విదూషకుడు, ఉర్దూ పత్రికలో నియంత. కూచిపూడిలో మాత్రమే దాత. ఏటా శ్రీరామనవమికి భద్రాచలానికి ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాలు కూడా ఆయన మొదలుపెట్టిన ఆనవాయితీయేనని చెబుతారు. టీవీలో ఆ ముత్యాలు కనపడినప్పుడల్లా మా ఇంట్లో ఒక క్షణం అందరూ మాటలాపుతారు. ఎందుకో ఎవరూ పైకి చెప్పరు.

ముత్యాల సంగతి అలా ఉంచి, కల్యాణం సన్నాయి సంగతి చెప్పాలి. మా ఊరి పందిరికి మేళం పెనుమూడి రేవు దాటి గుంటూరు జిల్లా వైపు నుంచి వచ్చేది. డోలు ఎవరిదైనా, సన్నాయి సాయిబులది. తెలుగుదేశంలో ఇది వింత కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో దేవాలయాల్లో సన్నాయి ఊదుతూ తరాలు గడిపిన ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి, శ్రీరంగంలో రంగనాథుడి నీడన స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడే పోయారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడమనిషి, అందులోనూ ముస్లిం ఆడమనిషి, నాదస్వరం పట్టి కూర్చోవటం ఎంత పెద్ద సంగతో మా ఇళ్ళల్లో ఆడపిల్లల్ని పెంచినవాళ్ళకి తెలుస్తుంది. మన ఉమ్మడి కృష్ణాజిల్లా గోసవీడుకి చెందిన షేక్ హసన్ సాహెబ్ భద్రాచల రాముడి ఆస్థాన విద్వాంసుడిగా ఏళ్ళ తరబడి ఊదారు. ఆయనకి పద్మశ్రీ 2022లో, పోయిన తర్వాత వచ్చింది. తానీషా ముత్యాలు పంపిన గుడిలోనే ఈ సాహెబు సన్నాయి. ఇది ఎవరూ నాటకంగా రాయలేదు.

మా పందిరికి వచ్చిన సన్నాయి సాహెబు ఒకాయన మా ఇంట్లో ఒక మధ్యాహ్నం ఉన్నాడు. కల్యాణం అయ్యాక అసర్ నమాజుకి మసీదుకొచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన సన్నాయి. అరుగు మీద పెట్టబోతుంటే పెద్దాయన ఒకరు, "మియా, పొట్టకూటికి ఊదుకో, వద్దనం. దాన్ని మాత్రం ఇక్కడ పెట్టకు" అన్నారు. మాట కటువుగా అనలేదు. ఇంకెవరికీ వినపడకుండా, అది దిద్దుబాటే తప్ప అవమానం కాదన్నట్టు అన్నారు. సన్నాయి సాహెబు తల ఊపి మా ఇంటివైపు చూశాడు. మేం పరుగెత్తుకెళ్ళి అందుకున్నాం. నానీ దాన్ని నడవాలో మేకుకి తగిలించింది. ఆ మేకుకి అంతకుముందు తాత జానమాజు వేలాడేది. నమాజు అయ్యాక ఆయనొచ్చి అన్నం తిని, మా ఊరి నీళ్ళు ఉప్పుకషాయమనీ, గొంతు పట్టేస్తోందనీ, రాత్రి ఊరేగింపుకి ఎలా ఊదాలో ఏమోననీ చాలాసేపు నీళ్ళ గురించే మాట్లాడాడు. అరుగు సంగతి ఎత్తలేదు. సాయంత్రం పందిట్లో కూర్చుని, రెల్లు ముక్క పెదాల మధ్య తడుపుకుని, నీళ్ళ మీద నేరం మోపినవాడు ఇతనేనా అన్నట్టు ఊదాడు. కమిటీ వాళ్ళు శాలువా కప్పి మైకులో, "మతసామరస్యానికి ప్రతీక" అన్నారు. రాగం పేరు ఎవరూ అడగలేదు.

రెండు గుమ్మాల దగ్గరా జరిగింది ఒకటేననిపిస్తుంది. మసీదు అరుగుకి ఆయన చేతిలో సన్నాయి వద్దు. పందిరికి ఆ సన్నాయి వెనక మనిషి ఒక ప్రతీకగా ఉంటే చాలు.

పీర్ల పండుగదీ ఇదే కథ. చాంద్రమాన లెక్కలో మొహర్రం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది గదా, 1996 నుంచి 1999 దాకా అది ఏప్రిల్, మే నెలల్లోనే పడింది. ఆ నాలుగేళ్ళూ మా వేసవి పందిళ్ళతో పాటు పీర్ల చావిళ్ళు కూడా కళకళలాడాయి. డప్పులు మాదిగపల్లె నుంచి, పీరెత్తుకునే భుజాలు అన్ని కులాల నుంచి. నిప్పుల గుండం చుట్టూ తెల్లవార్లూ ఆట. ఊరు మొత్తానికి అది ఇంకో నాటకం రాత్రి. మాకు అది మేం స్టేజీ మీద ఉన్న రాత్రి. నవ్వటానికి కాదు, మొక్కటానికి మావైపు చూసే రాత్రి. ఆ రోజుల్లోనే చదువుకున్న మా కుర్రాళ్ళు కొందరు ఇది బిద్అత్ అనీ, దీన్‌లో లేదనీ చెప్పటం మొదలుపెట్టారు. గ్రంథాల ప్రకారం వాళ్ళ వాదం వాళ్ళకుంది. మేం వాదించం. కానీ కొన్ని ఊళ్ళల్లో పీర్లు పెట్టెల్లోంచి బయటికి రావటం తగ్గిపోయాక, ఆ ఊరి తక్కిన జనానికి మమ్మల్ని చూడటానికి మిగిలింది ఏమిటి? నాటకంలో గళ్ళ లుంగీ, సినిమాలో తుపాకీ.

బుర్రకథ మాటా చెప్పకపోతే మా మామూ ఊరుకోడు. ఆయన తరానికి షేక్ నాజర్ అంటే ఎన్.టి. రామారావు కంటే ఎక్కువ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్ ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పాడు. బెంగాల్ కరువు కథ చెప్పి జనం చేత జోలెలు నింపించాడు. 1986లో పద్మశ్రీ, 1997లో మరణం. మేం ఆయన్ని రేడియోలోనే విన్నాం. మామూ మాత్రం నిలబడి చూపించేవాడు, తంబురా భుజాన ఎలా వేశాడో, వేలి అందె ఎలా మోగించాడో, వంత ఇచ్చేవాళ్ళ వైపు ఎలా గిర్రున తిరిగాడో. ఆ నాజర్ తన జీవితకథ చెప్పి రాయించుకున్నప్పుడు దాని పేరు 'పింజారి' అని పెట్టారు. నాటకాల్లో నవ్వులపాలు చేసిన దూదేకులవాడు, ఆ పేరే అట్ట మీద అచ్చేయించుకున్నాడు. తెలుగువాళ్ళ వీరగాథలన్నీ తన గొంతులోంచి పలికించాక! మా మామూ ఆ పుస్తకాన్ని ఇనప్పెట్టెలో దాచుకున్నాడు. చదవటానికి అడిగితే, ఇక్కడే కూర్చుని చదువు అనేవాడు.

కొంచెం పెద్దయ్యాక మా వేసవి బందరుకి మారింది. ఎగ్జిబిషన్ కోసం. రంగులరాట్నం, మృత్యుబావి, మిరపకాయ బజ్జీలు, అప్పడమంత అద్దాల్లో మన వికారపు మొహాలు. వీటి మధ్య ఒక మూల చేనేత, హస్తకళల దుకాణాలు. బందరు కళలకి కొత్తది కాదు. 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ బొమ్మలు నేర్పాడు, అడివి బాపిరాజు నేర్చుకున్నాడు. తెలుగువాళ్ళ ఆధునిక చిత్రకళకి ఒక పురుడు ఇక్కడే పోశారు. కానీ మా కాళ్ళు కలంకారీ దుకాణం ముందే ఆగేవి. పెడన నుంచి తెచ్చిన దుప్పట్లు, పరదాలు. కరక్కాయ వాసన, పటిక వాసన. బెల్లంలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నలుపు. ఎరుపుకి వేళ్ళు. చెక్క అచ్చుతో అద్దటం, ఉడకబెట్టటం, పారే నీళ్ళలో ఉతకటం, ఇసకలో ఆరెయ్యటం, మళ్ళీ అద్దటం. దుకాణంలోని పెద్దాయన ఓపిగ్గా చెప్పేవాడు.

ఒక ఏడు నానీని కూడా తీసుకెళ్ళాం. ఆమె ఒక పరదా ముందు నిలబడిపోయింది. మధ్యలో కమాను, కమాను లోపల ఒక చెట్టు, కొమ్మల మీద చిలకలు. దుకాణం పెద్దాయన, "కల్పవృక్షం అమ్మా" అన్నాడు. నానీ మావైపు తిరిగి మెల్లగా, "మెహ్రాబ్ హై నా?" అంది. ఇద్దరూ చెప్పింది సరైనదే. గోల్కొండ కాలంలో బందరు నుంచి ఇరాన్‌కి ఓడలెక్కిన అద్దకాల్లో మెహ్రాబు బొమ్మ వేసినవి ఉండేవి. అక్కడి కొనుగోలుదార్లకి ఏ పువ్వు నచ్చుతుందో, ఏ చెట్టు నచ్చుతుందో చూసి ఇక్కడి చేతులు వేశాయి. 'కలం', 'కారీ' రెండూ పారశీకం నుంచి వచ్చిన మాటలే. మామిడి పిందె అని మనం అనేది వాళ్ళ బూటా. బుటాచీర కట్టుకున్న తెలుగు ఆడవాళ్ళు ఏ సర్టిఫికెట్టూ అడక్కుండా ఆ మాటని ఇంటికి తెచ్చుకున్నారు. నానీ ఆ పరదా కొనలేదు, ధర ఎక్కువ. చేత్తో ఒకసారి తడిమి, "మన జానమాజు మాదిరే" అంది. పెద్దాయనకి ఆ మాట అర్థం కాలేదు, అడిగాడు. మేం చెప్పాం. "అయితే అమ్మగారూ, తక్కువకే ఇస్తాను" అన్నాడు. అయినా ఎక్కువే.

పత్రికల్లోకి వచ్చాక మేం ఈ పందిళ్ళ గురించి, పరిషత్తుల గురించి, కూచిపూడి ప్రదర్శనల గురించి రాయాలనుకున్నాం. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చిన్నప్పుడు దీపాల వెలుతుర్లో చూసి, ఇంటికొచ్చి మా అక్క ఓణీ కట్టుకుని జడ విసిరి దెబ్బలు తిన్న వాళ్ళం. ఒక పత్రికలో మాకు ఇచ్చిన పని వేరు. రంజాన్ వస్తే హలీం, బక్రీద్ వస్తే పొట్టేళ్ళ ధరలు, ఎన్నికలొస్తే ముస్లిం ఓటు. ఒకసారి పట్టుబట్టి భామాకలాపం మీద రాశాం. అచ్చయింది. చదివిన ఒకాయన ఉత్తరం రాశారు, ముస్లిం అయివుండి ఇంత బాగా రాశారని. అభినందనే. ఇంకొకాయన మా వాళ్ళే, ఫోన్ చేశారు. మన సమస్యలు ఇన్నుండగా ఆడవేషం గంతుల మీద రాస్తావేం అని. ఆయన చెప్పిన సమస్యలు అబద్ధమా? కాదు. కానీ మాకు చూసే కళ్ళున్నాయన్నది కూడా మా సమస్యల్లో ఒకటే గదా. ఆకలి గురించి మాట్లాడితే మేం ముస్లిములం, అందం గురించి మాట్లాడితే ఎవరం?

ఇప్పుడు వేసవిలో అవనిగడ్డ వెళితే పందిళ్ళు ఉన్నాయి, తాటాకు తక్కువ. తెల్లవార్లూ నాటకం అరుదైపోయింది. సౌండు బాక్సులు, ఆర్కెస్ట్రా, ఎల్.ఇ.డి. తెర. పిల్లలకి వేసవి శిబిరాలు. అయినా పద్యనాటకం మీద ప్రాణం పెట్టేవాళ్ళు అక్కడక్కడా మిగిలే ఉన్నారు. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక బృందం వాళ్ళు మా దగ్గరికొచ్చారు. రామదాసు వేస్తున్నారు. తానీషా వేషం వేసేది ఆర్టీసీలో కండక్టరు. మంచి గొంతు, కానీ పద్యం లేని వేషం దొరికిందని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. హార్మోనిస్టు గారు, "మీకు ఉర్దూ వచ్చు గదా, తానీషా మాటలు కాస్త సరిచేసి పెట్టండి బాబూ, ఆ హైలూ గియ్‌లూ ఎక్కడ పెట్టాలో మాకు తెలీటం లేదు" అన్నారు.

మేం రెండు రాత్రులు కూర్చుని రాశాం. హైలు ఎక్కడా పెట్టలేదు. నవాబు చేత నిండు తెలుగు మాట్లాడించాం. కొలువు తీరే చోట రెండు ముక్కలు సరైన ఉర్దూ, మాదన్నతో మాట్లాడే చోట మామూలు తెలుగు. రామోజీ, లక్ష్మోజీ వెళ్ళిపోయాక ఒంటరిగా నిలబడి, చేతిలో వరహాలు చూసుకుంటూ చెప్పే నాలుగు వాక్యాలు కొత్తగా కలిపాం. నానీ రూపాయి చదివించిన చోటు అదే. కాపలా సాయిబులిద్దర్నీ తీసెయ్యమని అడగలేదు. వాళ్ళని గుద్దుకోవద్దన్నాం, అంతే. రామదాసుకి అన్నం తెచ్చిచ్చే పని పెట్టాం.

హార్మోనిస్టు గారు కళ్ళజోడు సర్దుకుని అంతా చదివారు. "బాగుంది బాబూ. చాలా బాగుంది. మరి నవ్వు ఎక్కడొస్తుంది?" అన్నారు. కండక్టరు కాయితాలు ఆయన చేతిలోంచి లాక్కుని, పైకి చదవటం మొదలుపెట్టాడు. ఒక వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి శ్రుతిలో చదివాడు.

నాటకం రోజు మేం చాప మీద ముందు వరసలో పిల్లల వెనక కూర్చున్నాం. తానీషా వచ్చాడు, కొలువు తీర్చాడు, మాట్లాడాడు. పందిరి నిశ్శబ్దంగా ఉంది. బాగున్నందుకో, బోరు కొట్టినందుకో మాకు తెలియలేదు. మా ముందు కూర్చున్న పిల్లాడు, ఏడెనిమిదేళ్ళుంటాయి, కాసేపు చూసి చూసి పక్కనున్న వాళ్ళ తాతని గిల్లి అడిగాడు: "తాతా, సాయిబు ఇంకా రాడేంటి?"